వయస్సును గూర్చిన బొంకు

2017వ సంవత్సరము అక్టోబరు నెలలో పదునేడేండ్లలోపు బాలుర ప్రపంచ ఫుట్‌బాలు పోటీలు మన దేశమున జరిగినవి. ఆతిథ్యమిచ్చు దేశము గావున మన బాలుర జట్టునకు అర్హతా పోటీలు లేకయే ప్రవేశము లభించినది. ఢిల్లీ నగరమున వారు మూడాటలాడి మూడింటను ఓడిరి. అమెరికా సంయుక్త రాష్ట్రముల జట్టు మూడు గోలులు చేసి మనవారికొక్కటియు దక్కనీయలేదు. కొలంబియాతో రెండింటికొకటిగా ఓటమి కలిగినది. ఘానావారు నాలుగు గోలులు చేసిరి. ఈ మూడాటలలో మన పక్షమున లభించిన గోలొక్కటే. దానిని అక్టోబరు 9వ తేదిని మణిపురపు బాలుడు జీక్సన్ సింగు తలతో కొట్టి సాధించెను. ఫిఫావారి ప్రపంచ పోటీలలో మన దేశమునకు దక్కిన మొదటి గోలు అదియే. ప్రేక్షకుల హర్షధ్వానము చల్లారక మునుపే కొలంబియావారు మఱియొక గోలు చేసి ఆటను గెలుచుకొనిరి.

ఆ దినములలోను, ఆ తరువాతను, చదువుకొన్న పెద్దమనుష్యుల నోట మేమొక మాట పలుమాఱులు వింటిమి. "ఆ పరదేశపు పిల్లలను జూచితిరా? వారు పదునేడేండ్లలోపువారేనా? అందఱును వయస్సు దాచుకొనియే వత్తురు. మనవారు మాత్రము నిజము చెప్పి బావుకొన్నదేమి? మనమును ఒకటి రెండేండ్లు పెద్దవారిని పంపియుండినచో పరువైన దక్కియుండెడిది గదా!" పరదేశపు బాలురపై వేసిన ఆ నిందకు ఆధారము చూపినవారిని మేమెఱుగము. దాని నటుంచి, ఈ మాటలో నిమిడియున్న ధర్మప్రశ్నను మాత్రము విచారింతము. బాలుని మేలుకొఱకు గాని, దేశగౌరవము కొఱకు గాని, పెద్దలు వాని వయస్సును తగ్గించి చెప్పవచ్చునా? చదువరులారా, ఇది ఆటస్థలములో తేలు ప్రశ్న గాదు. ఎవని వయస్సైనను మొదట పలుకబడునది వాని యింటిలోనే. కావున నిది గృహస్థుల ప్రశ్న.

మా ధర్మవరములో గాని, పొరుగుననున్న పెనుకొండ హిందూపురములలో గాని, అఱువదేండ్లు పైబడినవారిని వారి పుట్టినతేది యడిగి చూడుడు. జూన్ 1 యనియు జూలై 1 యనియు సమాధానములు మిక్కిలి తఱుచుగా వచ్చును. ఇంతమంది ఆ రెండు దినములందే పుట్టియుండరు గదా! బిడ్డను బడిలో చేర్చిననాడు తండ్రికి తేది తెలియక పోగా, పంతులుగారు బడి తెఱచు నెలను బట్టి వేసిన తేది యది. ఇది అజ్ఞానమే కాని బొంకు గాదు. దీనిని మేము తప్పుపట్టము. కాని తేది యెవ్వరికిని తెలియనిచోట, దానిని మన కనుకూలముగా వ్రాసికొనవచ్చునను తలంపు త్వరలోనే పుట్టినది. ఉద్యోగములో రెండేండ్లెక్కువ నిలుచునను నాసతో తండ్రి కొడుకు వయస్సును తగ్గించి వ్రాయించెను. రైలులో అరటిక్కెట్టు కొఱకు తల్లి "వీనికి పదునొకండే" యనెను. పట్టుచీరలు నేయు నింటిలో కండెలు చుట్టుచున్న పిల్లవానిని గూర్చి అధికారి యడిగినపుడు, ఆ వయస్సే మఱల పెరిగి పదునాలుగు నిండినదాయెను. ఒక్క బాలుడే యొక్క సంవత్సరములో పలుచోట్ల పలు వయస్సులవాడగుచుండగా, ఆటస్థలమున మఱియొక వయస్సు చేరుటలో నేమి వింత?

మన సంస్కర్తలకు ఈ వ్యాధి క్రొత్తది గాదు. వీరేశలింగము పంతులుగారు బాల్యవివాహములను ఖండించిననాడును, గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో రంగమెక్కిననాడును, పోరాటమంతయు నొక విధముగా వయస్సును గూర్చినదే. 1929లో పుట్టిన శారదా చట్టము పెండ్లికి బాలిక వయస్సు 14 ఏండ్లు, బాలుని వయస్సు 18 ఏండ్లు నిండవలయునని విధించి, 1930 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. ఆ తేది రాకమునుపే ముగించికొనవలయునని దేశమున తొందరపెండ్లిండ్లు పెక్కు జరిగినవి. తేది దాటిన తరువాత పిల్ల వయస్సును పెంచి చెప్పుట యను నుపాయము దొరకినది. ఆనాడు వయస్సు పెంచినవారును తాము బిడ్డ మేలుకొఱకే యట్లు చేసితిమనిరి. నేడు తగ్గించువారును ఆ మాటయే యందురు. ఇరువురును బిడ్డ నడుగలేదు. ఇరువురును బిడ్డ బ్రదుకులోని సంవత్సరములను తమ సొమ్మువలె వాడుకొనిరి.

మేలుకొఱకు బొంకవచ్చునని చెప్పిన ఆచార్యుడు మన పురాణములలోనే యున్నాడు. వామనుడు మూడడుగుల నేల యడిగినపుడు శుక్రాచార్యుడు బలిచక్రవర్తిని వారించి, వివాహ విషయమునను, ప్రాణాపాయమునను, ధనమానములు పోవు సమయమునను అసత్యము దోషము గాదని బోధించెను. బలి గురువు మాటను విని, తానిచ్చిన మాటను తప్పజాలనని నేలను ధారవోసెను. మనము శుక్రుని మినహాయింపులను చక్కగా కంఠస్థము చేసి, బలి యిచ్చిన సమాధానమును మఱచితిమి. అంతటితో నాగక, ఆ మినహాయింపులకు "దేశగౌరవమునందు" అని మఱియొకటి చేర్చుకొన జూచుచున్నాము. బలి సత్యము పలికి గెలువలేదనుట నిజమే. రాజ్యము పోగొట్టుకొనెను. సత్యము పలుకువాడు తప్పక గెలుచునని మేమును చెప్పము. ఢిల్లీలో మన బాలురు గెలువలేదు. అయినను ఓటమికి వెఱచి సత్యమును విడువవచ్చునా యనునదే ప్రశ్న.

దీనికి సమాధానము వెదకుటకు ముందు, వయఃపరిమితి గల పోటీ యననేమో తెలిసికొనవలయును. పెద్దల పోటీలో ఎవ్వరైనను ఆడవచ్చును. నేర్పు గలవాడు గెలుచును. బాలుర పోటీలో మాత్రము మొదట నొక కంచె కట్టబడినది. ఎదుగుచున్న శరీరము ఎదిగిన శరీరముతో పోరరాదనుట ఆ కంచెకు మూలము. ఆ కంచె తేది యనెడి యొక్క గుంజపై నిలిచియున్నది. ఆ తేది అబద్ధమైనచో మిగిలినది పోటీయే కాదు. పెద్దల యాటలో మోసము చేసినవాడు ఒక నియమమును తప్పును. బాలుర యాటలో వయస్సు దాచినవాడు ఆ పోటీ యేల పుట్టినదో ఆ కారణమునే చెఱచును.

సత్యముగా వ్రాసిన తేదులతో సయితము ఈ యేర్పాటున కొంత యన్యాయము మిగులుచున్నది. 2017 నాటి పోటీకి 2000 జనవరి 1వ తేదిని గాని అటుపిమ్మట గాని పుట్టినవారే యర్హులు. ఒకే యేట జనవరిలో పుట్టినవానికిని డిసెంబరులో పుట్టినవానికిని పదునొక మాసముల యెడముండును. ఆ యీడున పదునొక మాసములనగా ఎత్తులోను బలములోను కొట్టవచ్చినట్లు కనబడు భేదము. అనేక దేశములలో బాలుర జట్లను పరిశీలించినవారు, ఎన్నికైనవారిలో సంవత్సరారంభమున పుట్టినవారెక్కువగను, సంవత్సరాంతమున పుట్టినవారు తక్కువగను నున్నారని కనుగొనిరి. ఎంచువాడు నేర్పునే చూచుచున్నాననుకొని, తెలియకయే పెరుగుదలను చూచుచున్నాడు. కొన్ని మాసముల యెడమే ఇంత పని చేయుచుండగా, రెండు మూడేండ్లు దాచినవాడు నడుమ నిలిచినచో చిన్నవాని గతి యేమి?

ఆ చిన్నవానిని గూర్చి మనవారు తలపరు. వయస్సు దాచుటవలన నష్టపడునది పరదేశపు జట్టని తలంతురు. పరదేశపు జట్టు ఎదుటికి వచ్చుట చివరి మెట్టు. దానికి ముందు పాఠశాల, మండలము, జిల్లా, రాష్ట్రము, దేశము అను నెంపికలు గడచినవి. ప్రతి యెంపికలోను ఆ బొంకు ఒక నిజమైన పదునైదేండ్ల బాలుని ప్రక్కకు నెట్టినది. వాడు మన యూరివాడు, మన వీథివాడు. తనకంటె జానెడు పొడవైనవానితో తలపడి క్రిందపడి, తనకు నేర్పు లేదనుకొని, బంతిని విడిచి మగ్గము గుంటలోనికో అంగడిలోనికో పోయినవాడు. వాని పేరు ఏ జాబితాలోను నుండదు. వానికి జరిగిన అన్యాయము వానికే తెలియదు. దేశగౌరవము కొఱకని చెప్పిన బొంకు దేశపు బిడ్డనే మొదట వెడలగొట్టినది.

ఇక బొంకువలన ఎంపికైన బాలుని మాట. వానికి మేలు జరిగినదందురా? పట్టు నేయువారిని అడుగుడు. పేకలో తప్పు జరిగినచో అది చీరలో నొక్కచోటనే నిలుచును. పడుగులో నొక పోగు తప్పుగా పడినచో ఆ గీత చీర కొస వఱకును సాగును. పుట్టినతేది పడుగు పోగు వంటిది. బడి పత్రములో వ్రాసిన బొంకు పాస్‌పోర్టునకు సాగును, ఉద్యోగమునకు సాగును, పెండ్లికి సాగును. ఎవ్వరైన పాత కాగితము తీసి చూతురేమోయను భయము వానితో ముదియును. అంతకంటెను కీడు మఱియొకటి కలదు. బాలుడు ఎవ్వరి మాట నమ్మవలయునో ఆ తల్లిదండ్రులును ఆ గురువును కలిసి వానికి మొదటి బొంకును నేర్పిరి. వాడు గోలు చేసిననాడు జనులు చప్పట్లు కొట్టుదురు. ఆ చప్పట్లు తన నేర్పునకో, తాను దాచిన రెండేండ్లకో వానికి తెలియదు. వాని విజయమును వాడే నమ్మలేడు. పందొమ్మిదేండ్లని కాగితము చెప్పునాటికి వాడు ఇరువదియొకటి దాటియుండును. తోడివారు ఎదిగి వానితో సమానులగుదురు. అరువు తెచ్చుకొన్న బలము అంతటితో తీరిపోవును.

దేశమునకైన లాభము కలుగునా? బాలుర జట్టు దేశమునకు నారుమడి. చెఱువు క్రింద వరి పండించు రైతులు ముదురు నారు నెఱుగుదురు. నాటవలసిన దినములు దాటిన నారు మడిలో ఏపుగా కనబడును. నాటిన పిదప పిలకలు తక్కువ పెట్టును, దిగుబడి తగ్గును. నారుమడి యందమును చూచి మురియు రైతును మేమెందును చూడలేదు. బాలుర జట్టు గెలుపును చూచి మురియు దేశములు మాత్రము కలవు. ఆ మురిపెము కొన్నింటికి మిక్కిలి ఖరీదైనది. ఉత్తర మధ్య అమెరికా ప్రాంతపు యువకుల పోటీలో మెక్సికో దేశము వయస్సు మీఱినవారిని ఆడించినట్లు 1988లో బయటపడగా, ఫిఫావారు ఆ దేశపు జాతీయ జట్లన్నింటిని రెండేండ్లు వెలివేసిరి. బొంకినది యువకుల జట్టు, 1990 నాటి ప్రపంచ కప్పును పోగొట్టుకొన్నది పెద్దల జట్టు. నైజీరియా యాటగాండ్రు ముగ్గురు 1988 ఒలింపిక్సులో చూపిన పుట్టినతేదులు అంతకు ముందు చూపినవానితో సరిపడలేదు. ఆ దేశమును రెండేండ్లు బహిష్కృతమై, 1991 నాటి యువజన ప్రపంచ పోటీని జరుపు నవకాశమును గోలుపోయినది. ఇట్లు ఒకరి కాగితమునందలి బొంకు దేశమునందలి నిర్దోషులనేకుల మీద పడినది.

యంత్రములున్నవి గదా, అవియే పట్టుకొనునందురేమో. నిజమే. ఫిఫావారు 2009లో పదునేడేండ్లలోపు బాలుర పోటీయందు ఎం.ఆర్.ఐ. యంత్రముతో మణికట్టును పరీక్షించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ముంజేతి యెముక చివర ఎదుగుదలకు స్థానమైన మృదువైన పొర యొకటి యుండును. శరీరము ఎదిగినకొలది ఆ పొర గట్టిపడి యెముకతో నేకమగును. పదునేడేండ్లు నిండకమునుపే అది పూర్తిగా నేకమగుట నూటికొకనియందైన కానరాదని పరిశోధకులు చెప్పిరి. కావున అట్లు ఏకమైనవానిని పోటీనుండి తప్పింతురు. కాని యీ సాక్షికిని హద్దులు గలవు. పదునెనిమిదేండ్లు నిండినను ఎముక యింకను కలియనివారుందురు. వారి బొంకు యంత్రమునకు చిక్కదు. మిక్కిలి యరుదుగా నిజము చెప్పిన బాలుని యెముకయే ముందుగా కలియవచ్చును. వాడు నిష్కారణముగా నిందపడును. తల్లి చెప్పవలసిన మాటను ఎముక నడుగవలసి వచ్చుటయే మనకు సిగ్గుచేటు. అడిగినను అది తప్పక నిజము చెప్పునను నమ్మకము లేదు.

ఇచట నొక యాక్షేపమును మేము తేలికగా త్రోసివేయజాలము. "మీరు కడుపు నిండినవారు గనుక ధర్మము చెప్పుచున్నారు. ఆటలో పేరు వచ్చినచో బీదవాని బిడ్డకు హాస్టలు, చదువు, ఉద్యోగము లభించును. ఒక తేది మార్చినందున నింటి దరిద్రము తీరునపుడు మార్చిన తల్లిని నిందింతురా?" ఈ మాటలో బాధ యున్నది. ఆ తల్లిని మేము నిందింపము. కాని ఆమె బిడ్డ త్రోసివేసిన బాలుడును బీదవాడే. ధనికుల బిడ్డలు ఆ యెంపికల కడకు వచ్చుట యరుదు. కావున నీ బొంకు ధనికుని సొమ్మును బీదకు పంచుట గాదు, ఒక బీదవాని పళ్లెములోనిది తీసి మఱియొక బీదవాని పళ్లెములో వేయుట. మఱియు తేది మార్చు నుపాయమును ఆ తల్లికి నేర్పువారు సాధారణముగా ఆమెకంటె చదువుకొన్నవారు. పతకము కావలసిన శిక్షకుడో, పేరు కావలసిన సంఘమో, బడికి కప్పు కావలసిన పెద్దయో వెనుక నిలిచియుందురు. బయటపడిననాడు వేటు బాలుని మీద పడును. వెనుక నిలిచినవారు "పత్రములు వారే తెచ్చిరి" అని చేతులు దులుపుకొందురు. శిక్ష మొదట చదువుకొన్నవానికి తగులవలయునని మా యభిప్రాయము.

మఱి దేశగౌరవము బొంకుచే గాక దేనిచే కలుగును? మన తెలుగునేలయే దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీముగారి శిక్షణలో మన జట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. 1974లో బాంకాకు నగరమున జరిగిన ఆసియా యువజన పోటీలో, హైదరాబాదు యువకుడు షబ్బీర్ అలీ నాయకత్వమున మన జట్టు తుదియాటలో ఇరానుతో రెండేసి గోలులతో సమానమై ఉమ్మడి విజేతగా నిలిచినది. మన ప్రాంతమున ఆర్.డి.టి. యని యెల్లరెఱిగిన సంస్థ, 1969లో విన్సెంట్ ఫెర్రరుగారు అనంతపురమున నెలకొల్పినది, కరవుపల్లెల బాలబాలికలకు మైదానమును బంతిని శిక్షకుని చూపించినది. మైదానమునకు నేల కావలయును. శిక్షకునికి జీతము కావలయును. బిడ్డకు పాలును గ్రుడ్డును కావలయును. వీనికి పదేండ్లు పట్టును. తేది మార్చుటకు ఒక నిమిషము చాలును. మనవారు బొంకును కోరుట దేశభక్తిచేత గాదు, అది చౌకయైనందువలన.

ఓడిన బాలురేమైరి? జీక్సన్ సింగు, అన్వర్ అలీ, సురేశ్ సింగు మొదలగువారు ఆ జట్టునుండి ఎదిగి మన దేశపు పెద్దల జట్టులో ఆడిరి. తొమ్మిది గోలులు పడిన నారుమడినుండి వచ్చిన పైరది. 2022 అక్టోబరులో మన పదునేడేండ్లలోపు బాలికలును ఇట్లే స్వదేశమున ప్రపంచ పోటీలాడిరి. భువనేశ్వరమున అమెరికా చేత ఎనిమిది, మొరాకో చేత మూడు, బ్రెజిలు చేత అయిదు గోలులతో ఓడి, ఒక్క గోలైనను చేయలేకపోయిరి. వారిని గేలిచేసినవారు కొందఱున్నారు. ఒక తరము వెనుక ఆ యీడు బాలికలు అత్తవారింట నుండెడివారని ఆ కొందఱికి జ్ఞాపకము చేయదలచుచున్నాము. ఆ బాలికలు తమ యీడున తమ యీడువారితో నిలిచి ఆడిరి. ఆ పదునారు గోలులును మన బిడ్డల నిజమైన కొలత. కొలత తెలిసినవాడు ముందుకు సాగగలడు.

కావున మేము గృహస్థులను కోరునది స్వల్పము. బిడ్డ పుట్టిన ఇరువదియొక దినములలోపల జననమును నమోదు చేయింపుడు. 1969 నాటి చట్టమునకు 2023లో చేసిన సవరణచేత, ఆ యేట అక్టోబరు 1వ తేదినుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, పాస్‌పోర్టునకును, ఉద్యోగమునకును ఆ జననపత్రమే వయస్సునకు ప్రమాణము. మార్చుటకు చోటు తగ్గినది, సంతోషమే. కాని చట్టము వ్రాయించినంత మాత్రమున సత్యము ఇంటిలో నిలువదు. రైలులో టిక్కెట్టు పరిశీలకుడు వచ్చినపుడు, బిడ్డ వినుచుండగా, వాని నిజమైన వయస్సు చెప్పి పూర్తి సొమ్ము చెల్లింపుడు. బడిలో చేర్చునపుడు తేది తెలియనిచో తెలియదని చెప్పి, వెదకి కనుగొని వ్రాయింపుడు. ఎంపికల దినమున ఎవ్వరైనను "రెండేండ్లు తగ్గించినచో తప్పక దొరకును" అని చెవిలో నూదినచో, ఆ చోటునుండి బిడ్డను చేయిపట్టి ఇంటికి తీసికొని రండు. మఱుసటి సంవత్సరమున వానికి నిజముగా నొక యేడు పెరుగును. అపుడు పెద్దవారి జట్టులో ప్రయత్నింపనిండు. ఓడి వచ్చిననాడు అన్నము పెట్టి, ఆట యెట్లు జరిగినదని యడుగుడు.